పోలమ్మ ఇంటికి తిప్పిన చప్పుడు

రాళ్లపాలెం బడిలో మాటలు మూడో బెంచీ దాటవు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆఖరి బెంచీలో కూర్చుని ఆ సంగతి స్వయంగా చూస్తున్నాను. నూకరత్నం టీచరు నల్లబల్ల దగ్గర నిలబడి "నది" అంటుంది. ఆ మాట ఆమె నోటి నుంచి బయల్దేరి మొదటి బెంచీ మీదుగా బాగానే వస్తుంది. రెండో బెంచీ దగ్గర వంగుతుంది. మూడో బెంచీ కాళ్ల దగ్గర నేలమీద పడిపోతుంది. అక్కణ్నుంచి వెనకున్న పిల్లలు టీచరు పెదాల వంక చూస్తూ, నోట్లో ఏముందో ఊహించుకుంటూ కూర్చున్నారు.

రోడ్డుకి అవతల, రెండు వందల గజాల దూరంలో, రాళ్లని కంకర కొట్టే క్రషర్ కొండను నములుతోంది. దాని చప్పుడు కిటికీల్లోంచి అడ్డంగా వచ్చి తరగతి మధ్యలో నిలబడుతుంది. బూడిద రంగులో ఉంటుంది. చెయ్యి పెడితే గరుకుగా తగులుతుంది.

నాలుగింటికి బడి వదిలాక టీచరు చీపురు తీసుకుని పడిపోయిన మాటల్ని ఊడుస్తుంది. చేటలోకి ఎత్తి నాకు చూపిస్తుంది.

"ముందు ఒత్తులు విరుగుతాయండి. తర్వాత దీర్ఘాలు. సున్నాలు మాత్రం గట్టివి, దొర్లుకుంటూ ఓ మూలకి పోతాయి."

"వీటినేం చేస్తారు?"

"పారెయ్యడానికి మనసొప్పదు కదా మేడమ్. బీరువాలో పెడుతున్నాను. మూడేళ్లవి ఉన్నాయి."

బీరువా తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు.

శుక్రవారం తనిఖీకి ఆఫీసరు వస్తాడని ఆమె చెబుతుంది. ఆఖరి బెంచీ పిల్లలకి పాఠం వినపడకపోతే బడి మూసేసి, నలభై ముగ్గురినీ పదకొండు కిలోమీటర్ల అవతల బడిలో కలిపేస్తారు.

"మగపిల్లలు సైకిళ్ల మీద పోతారండీ. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? మేకల ఎనకాల పంపుతారు."

"క్రషర్‌ని ఆపమని అడిగారా?"

"ఈ పిల్లల నాన్నలంతా అందులోనే పని చేస్తారు. అది ఆగితే ఇళ్లల్లో పొయ్యిలు ఆగిపోతాయి. అందుకే మీకు కబురు పెట్టాను. మీరు చప్పుడుని తిప్పుతారటగా."

తిప్పుతాను. నా పేరు భాగీరథి. పన్నెండేళ్లుగా నా పని అదే.

*

నేను చేసే పలకలు నల్ల ప్లాస్టిక్‌వి, మూరెడు వెడల్పు. ఒక్కో పలకలో నూట నలభై నాలుగు గదులుంటాయి, రేగుపండంత గదులు. ప్రతి గదిలోనూ మెలికలు తిరిగిన నడవా ఒకటి ఉంటుంది. కొన్ని గదుల్లో నడవా పొట్టిది, కొన్నింటిలో పొడుగుది. చప్పుడు ఒక వైపు నుంచి లోపలికి వెళ్లి, మెలికలన్నీ తిరిగి, రెండో వైపు నుంచి వస్తుంది.

"అయితే మాత్రం దారి ఎందుకు మారుతుందండీ?" అని టీచరు అడుగుతుంది.

మంగళవారం ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి నడవమంటాను. ఎడమ చివర ఉన్నవాళ్లు చిన్న అడుగులు, కుడి చివర ఉన్నవాళ్లు పెద్ద అడుగులు వెయ్యాలి. నలభై ముగ్గురూ చేతులు పట్టుకుని నడుస్తారు. వరస మొత్తం తనంతట తనే ఎడమకి తిరిగిపోతుంది. నేను ఆగమని చెప్పడం మరిచిపోవడంతో జెండా కర్ర చుట్టూ తిరిగి మళ్లీ నా దగ్గరికే వస్తారు.

"చప్పుడూ అంతే. ఓ చివర ఆలస్యం చేస్తే అటే తిరుగుతుంది," అంటాను.

"ఎక్కడికి?"

పన్నెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు ఇద్దరే. నూకరత్నం టీచరు రెండో మనిషి. పలక చప్పుణ్ని చంపదు. ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెడుతుంది, అంతే. తూర్పున కొండ ఉంది, చప్పుడు అక్కణ్నుంచే వస్తోంది. దక్షిణాన ఊరు. ఉత్తరాన బడి. పడమట పొలాలు, వాటి మధ్య ఒకే ఒక్క పెంకుటిల్లు.

"పైకి పంపుతాను," అంటాను. ఆకాశంలో ఎవరూ కాపురం ఉండరు కదా.

పదకొండింటికి బడి ముందు పలకలు పైకి తిప్పి బిగిస్తాను. తరగతి గదిలో మాటలు నాలుగో బెంచీకి, ఐదో బెంచీకి చేరతాయి. పిల్లలు చప్పట్లు కొడతారు. బయట మాత్రం చప్పుడు తాటిచెట్టంత ఎత్తుకి వెళ్లి ఆగి, పరుచుకోవడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి ఊరి మీద రేకుల కప్పులాంటిది తయారవుతుంది. కాకులు దానిమీద వాలి, ఎగరడం మానేసి, అటూ ఇటూ నడుస్తున్నాయి. కింద ఆరేసిన బట్టలు ఆరవు.

మూడింటికి కప్పు మధ్యలో కుంగుతుంది. నాలుగింటికి చినుకులు మొదలవుతాయి. ఒక్కో చినుకు ఒక్కో కంకర రాయి పగిలిన చప్పుడు. రోడ్డు మీద వాళ్లు గొడుగులు వేసుకుని నడుస్తారు. ఒకాయన నా ముందు ఆగుతాడు.

"రేపు కూడా ఉంటాదేటమ్మా?"

"ఉండదండీ."

"మరి పర్లేదు," అని వెళ్లిపోతాడు.

ఎవరూ తిట్టకపోవడంతో నాకు మరీ సిగ్గుగా ఉంది. పలకలు విప్పి దించేస్తాను.

*

బుధవారం పడమటి పెంకుటింటికి వెళ్తాను.

గడప ముందు చెప్పులు విడిస్తే చెప్పులకి చప్పుడు లేదు. లోపల ఒక ముసలామె కుండలోకి నీళ్లు వొంపుతోంది, నీళ్లకీ చప్పుడు లేదు. స్టీలు గ్లాసు ఆమె చేతిలోంచి జారి బండ మీద పడి, దూదిలా దొర్లి, మంచం కిందికి పోతుంది.

"ఎవులమ్మా నువ్వు?" అంటుంది. ఆమె మాట గాల్లోంచి రాదు. ఎవరో చేత్తో తెచ్చి నా చెవిలో పెట్టినట్టు వస్తుంది.

చెప్తాను. ఆమె పేరు పోలమ్మ. భర్త ఎర్రయ్య ఇరవై ఆరేళ్లు ఆ కొండ మీద పనిచేశాడు. రాయిలో మందు పెట్టి పేల్చే ముందు ఎర్రగుడ్డ ఊపుతూ, మూడుసార్లు అరిచి, జనాన్ని తప్పించడం ఆయన పని. ఆయన అరిచిన ఒక్క రోజు కూడా ఒక్క మనిషికి గాయం తగల్లేదట. ఏడేళ్ల కిందట జ్వరంతో పోయాడు.

"ఆడు ఎల్లినరోజు ఇంట్లో సప్పుళ్లన్నీ ఆడి ఎనకాల ఎల్లినాయి. సాగనంపి వొచ్చేస్తాయి కదా అనుకున్నాను. రాలేదు." గ్లాసు కోసం మంచం కిందికి చెయ్యి పోనిస్తుంది. "తలుపు ఏస్తే ఇనపడదు. తీస్తే ఇనపడదు. నానున్నానో లేదో నాకే తెల్దు ఒక్కోపాలి."

నేను అడగాల్సింది అడగలేకపోతున్నాను. నా బీరువాలో ఒక మూట ఉంది. అయిదేళ్ల కిందట ఒక ఫంక్షన్ హాలు బాజాల్ని వీధి నుంచి వెనక్కి తిప్పాను. వెనక ఇంటికి తాళం ఉందనుకున్నాను. కాని అందులో కుమారి అనే బాలింత ఉంది. నెల్లాళ్ల తర్వాత ఆమె పసిబిడ్డను చంకనేసుకుని, నేను పలకలు చేసే షెడ్డుకి వచ్చి, చీరలో మూటకట్టిన ఆ బాజాలన్నీ నా బల్ల మీద పెట్టింది. "ఎక్కడికి పంపుతున్నారో చూసుకోరా?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న మొదట అడిగిన మనిషి ఆమే. ఆ మూట ఇప్పటికీ పెళ్లిళ్ల రోజుల్లో కదులుతుంది.

ఇదంతా పోలమ్మకి చెప్తాను. ఆమె ఓపిగ్గా వింటుంది.

"నువ్వు నన్ను అడగడానికి వొచ్చినావా, వొద్దని సెప్పడానికి వొచ్చినావా?"

"అడగడానికే."

"మరి అడుగు."

"మామ్మా, క్రషర్ చప్పుడు మీ ఇంటికి పంపించనా? పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంటుంది. చాలా పెద్దది. మీ ఇల్లు చిన్నది."

"గుంటలకి సదువు ఇనపడతాదా?"

"వినపడుతుంది."

"పంపు. ఇల్లు సంగతి ఇల్లు సూసుకుంటాది."

ఒక షరతు పెడతాను. ఏ క్షణం భరించలేకపోయినా వాకిట్లోకి వచ్చి ఎర్రయ్య ఎర్రగుడ్డ ఊపాలి. నేను బడి డాబా మీంచి చూస్తూ ఉంటాను. ఊపగానే పలకలు దించేస్తాను. ఆమె పెట్టెలోంచి గుడ్డ తీసి, దులిపి, భుజాన వేసుకుంటుంది. దులిపినప్పుడు కూడా చప్పుడు లేదు.

*

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళకి క్రషర్ నుంచి పదిమంది మగవాళ్లు వస్తారు, కనుబొమల మీద రాతిపొడితో. పలకలు బిగించడానికి వాళ్లు బడి ముందు వెదురు పందిరి ఎత్తుతారు. నూకరత్నం టీచరు చీర చెంగు బిగించి నిచ్చెన పట్టుకుంటుంది. తొంభై ఆరు పలకలు. ప్రతి పలక వెనకా సుద్దముక్కతో ఒక అంకె రాశాను. వరస తప్పితే చప్పుడు దారి తప్పుతుంది. దారి తప్పితే ఎవరింటికి పోతుందో చెప్పలేం.

రెండు గంటల పది నిమిషాలకి ఆఖరి పలక బిగిస్తాను. క్రషర్ మళ్లీ మొదలవుతుంది.

చప్పుడు రోడ్డు దాటి పలకల దాకా వస్తుంది. లోపలికి వెళ్తుంది. పదమూడు వేల చిల్లర గదుల్లో దాని అడుగులు వినపడతాయి. అవతలికి వచ్చాక ఒక క్షణం బడి వైపు చూస్తుంది, పాత అలవాటు కొద్దీ. తర్వాత పడమటికి తిరిగి పొలం గట్టు మీద నడవడం మొదలుపెడుతుంది. వరి కంకులు పక్కకి వాలి దారి ఇస్తాయి. పోలమ్మ గడప దగ్గర అది ఆగుతుంది.

డాబా మీంచి నాకు కనిపిస్తోంది. ఆమె తలుపు పూర్తిగా తీసి, పక్కకి జరిగి, "రా" అంటుంది.

వెళ్తుంది.

అరగంట చూస్తాను. గుడ్డ ఊగదు. గంట చూస్తాను. భయం పట్టలేక టేపు తీసుకుని గట్టు మీద పరుగెడతాను.

ఇంట్లో నడిమి గది నిన్న పన్నెండు అడుగులుంది. ఇప్పుడు నలభై. నేను కొలుస్తూ ఉండగానే గోడ వెనక్కి జరుగుతుంది, చోటిమ్మంటే జరిగిన మనిషిలా. పైన పెంకులు వరసలు వరసలుగా పుట్టుకొస్తున్నాయి. ఐదింటికల్లా అవతలి గోడ కనపడడం మానేస్తుంది. టేపు చుట్టి జేబులో పెట్టుకుంటాను.

పోలమ్మ గది మధ్యలో చాప మీద కూర్చుని చేట చెరుగుతోంది. చేటలో క్రషర్ చప్పుడు. ఆమె దాన్ని ఎగరేసి, పట్టుకుని, వేళ్లతో ఏరి పక్కన పోస్తోంది. క్రషర్ దవడ నమిలే చప్పుడు ఒక కుప్ప. బెల్టు గీరే చప్పుడు ఒక కుప్ప. లారీల రొద మూలకి. బోల్టు ఒకటి వదులైన చప్పుడు కనబడితే దాన్ని విడిగా కాగితంలో పెట్టి, "ఇది క్రషర్ మేస్త్రీకి ఇయ్యి, బిగించుకుంటాడు," అంటుంది.

"మామ్మా, గుడ్డ ఊపలేదేం?"

"తీరికేదీ?"

ఆమె పక్కన కూర్చుంటాను. నేనూ ఒక గుప్పెడు తీసుకుని ఏరడం మొదలుపెడతాను. ఇన్నేళ్లలో నేను తిప్పిన చప్పుడు వెళ్లిన చోట కూర్చోవడం ఇదే మొదటిసారి. దగ్గరగా చూస్తే అది ఒక్కటే చప్పుడు కాదు. లక్ష చిన్న చప్పుళ్లు భయపడి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

అప్పుడు చేటలోంచి ఒక గొంతు లేస్తుంది.

"తప్పుకోండ్రో! మందెట్టేం!"

మళ్లీ ఒకసారి. మళ్లీ.

పోలమ్మ చేట కింద పెడుతుంది. ఏడవదు. చాపను రెండు చేతులా పట్టుకుని నాలుగడుగులు పక్కకి జరుగుతుంది. నన్ను కూడా మోచెయ్యి పట్టుకుని లాగుతుంది.

"తప్పుకున్నాం. తప్పుకున్నాం," అంటుంది గాలితో. తర్వాత నవ్వు వచ్చేస్తుంది ఆమెకి. "ఏటా అరుపు! సెవుల్లో సెప్పినట్టు సెప్పలేవా?"

ఇరవై ఆరేళ్లు ఆయన ఆ కొండకి ఎదురుగా నిలబడి అరిచాడు. మనుషులు తప్పుకున్నారు. రాళ్లు ఎక్కడికి తప్పుకుంటాయి? విన్నది విన్నట్టు లోపల పెట్టుకున్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ పగిలేసరికి, ఉన్నది బయటికి ఇచ్చేస్తున్నాయి. నా పలకలు దాన్ని ఇక్కడికి తెచ్చాయి. ఆ సంగతి నేను లెక్క వేసి చేసింది కాదు.

పోలమ్మ లేచి నీళ్లు ముంచుతుంది. కుండ బుడబుడమంటుంది. ఆమె ఉలిక్కిపడి, ఇంకోసారి ముంచి, ఇంకోసారి ముంచి, అవసరం లేకపోయినా గ్లాసులన్నీ నింపుతుంది.

*

శుక్రవారం ఆఫీసరు పదింటికి వస్తాడు. పొట్టిగా, చెమట తుడుచుకుంటూ, ఫైలుతో. వచ్చీ రాగానే ఆఖరి బెంచీలో, మంగవేణి అనే ఐదో తరగతి పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుంటాడు.

"కానివ్వండి," అంటాడు.

మూడేళ్లు అరిచి అరిచి నూకరత్నం టీచరుకి మామూలుగా మాట్లాడడం రాదు. "పర్వతం!" అని ఎప్పట్లాగే అరుస్తుంది. ఆ మాట బెంచీలన్నీ దాటి, ఆఫీసరు క్రాపు చెదరగొట్టి, వెనక కిటికీలోంచి ఎగిరి, రోడ్డు మీద పోతున్న బస్సు ఎక్కి వెళ్లిపోతుంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

"కొంచెం మెల్లిగా టీచర్," అంటాడు ఆఫీసరు.

ఆమె గొంతు తగ్గిస్తుంది. ఇంకా తగ్గిస్తుంది. ఇంట్లో పక్కనున్నవాళ్లతో మాట్లాడినంత గొంతుతో పాఠం మొదలుపెడుతుంది. మాటలు బెంచీల మధ్య వరసగా నడిచి వస్తాయి. ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, ముందుకి వస్తాయి. ఒత్తులు విరగలేదు. దీర్ఘాలు దీర్ఘాలుగానే ఉన్నాయి.

ఆఫీసరు మంగవేణి వైపు తిరుగుతాడు.

"వినపడుతోందా అమ్మా?"

ఆ పిల్ల తల వంచుకుని ఉంటుంది. టీచరు మొహం పాలిపోతుంది. కొన్ని అంకెలు వరస తప్పి ఉంటాయా అని మనసులో పలకలన్నీ లెక్కపెట్టుకుంటున్నాను.

"ఏమ్మా? వినపడటం లేదా?"

"ఇనపడతంది సార్," అంటుంది మంగవేణి. "టీచరు గొంతు ఇంత మెత్తగా ఉంటాదని నాకు తెల్దు. ఎప్పుడూ కోపంగా ఉంటారనుకున్నాను."

నూకరత్నం టీచరు నల్లబల్ల వైపు తిరిగి, అక్కడ ఏమీ లేకపోయినా, చాలాసేపు తుడుస్తుంది.

ఆఫీసరు ఫైలు తెరుస్తాడు. పాళీ కాగితం మీద గీసుకునే చప్పుడు నలభై ముగ్గురికీ వినపడుతుంది. "ఈ బడి వినపడుతోంది," అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేస్తాడు. వెళ్లబోతూ నా దగ్గర ఆగుతాడు.

"ఆ చప్పుడు ఎక్కడికి పోతోంది మేడమ్?"

ముగ్గురయ్యారు.

"ఒకావిడ ఇంటికండీ. అడిగే పంపాను."

"ఆవిడకి ఇబ్బంది లేదా?"

"వెళ్లి కనుక్కుంటాను."

*

కబురు చెప్పడానికి మధ్యాహ్నం గట్టు మీద నడిచి వెళ్తాను. పోలమ్మ గడప నుంచి ఆమె చాప దాకా నడవడానికి ఇప్పుడు పావుగంట పడుతుంది. దారి పొడుగునా కుప్పలు పోసి ఉన్నాయి. ఎర్రయ్య అరుపులు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా గోడకి కొట్టిన మేకులకి తగిలించి ఉన్నాయి, చొక్కాల్లాగా.

"బడి ఉంటుంది మామ్మా."

"ఉండాల," అంటుంది తల ఎత్తకుండా. "కూకో. నీ కోసమే సూస్తన్నాను. ఇదేటో నాకు తెలీడం లేదు."

చేటలో అన్నీ ఏరేశాక అడుగున ఒకటి మిగిలింది. అది యంత్రానిది కాదు, లారీది కాదు. ఎర్రయ్యదీ కాదు. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి ఎత్తి నా చెవి దగ్గర పెడుతుంది. వస్తుంది, వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది.

"ఇది సముద్రం మామ్మా."

"ఇక్కడికెలగొచ్చినాది?"

"వచ్చింది కాదు. ముందు నుంచీ ఉన్నదే. ఈ కొండ కొండ కాకముందు సముద్రం అడుగున బురద. ఆ బురద మీద పడ్డ అలల చప్పుడు లోపల ఉండిపోయింది."

పోలమ్మ దాన్ని మళ్లీ తన చెవి దగ్గర పెట్టుకుంటుంది. కళ్లు మూసుకుంటుంది.

"అరవై ఎనిమిదేళ్లు నాకు. సముద్రం సూళ్లేదు. ఆడు తీసుకెల్తానన్నాడు. సెలవు దొరకలేదు." కళ్లు తెరుస్తుంది. "దీన్ని ఒగ్గేయనా?"

నా సంచీలో ఇంకో రెండు పలకలు ఉన్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి వాటి మీదికి పోతుంది. "ఎటు తిప్పమంటారు?"

"ఎటూ తిప్పకు. మనమేటి సెప్పడం దానికి? అది మనకన్నా ముందున్నాది."

పన్నెండేళ్లలో ఒక్క చప్పుణ్నీ నేను ఊరికే పోనివ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటాను. సంచీ మూసేస్తాను.

పోలమ్మ చేతులు విప్పుతుంది.

చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత ఇంటి అవతలి చివర నుంచి, మా కంటికి కనపడనంత దూరం నుంచి, సముద్రం నడిచి వస్తుంది. తడి లేదు. నీలంగా, వెచ్చగా ఉంది. పాదాలు దాటి మోకాళ్లకి, మోకాళ్ల నుంచి నడుముకి వస్తుంది. చీర అంచు తడవదు. తలలు మునిగాక కూడా ఊపిరి బాగానే ఆడుతోంది. పైన పెంకులు ఒక్కొక్కటే కప్పు నుంచి ఊడి, తోక ఆడించి, గుంపులు గుంపులుగా ఈదుకుంటూ తూర్పుకి పోతున్నాయి. వాటి మధ్య నుంచి ఎండ పడుతోంది.

ఒక అల మా ముందు ఆగుతుంది. ఆగి, వంగుతుంది.

పోలమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కుతుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన మనిషిలా సర్దుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, పక్కన చోటు చేస్తుంది.

"రా, అమ్మా. జాగా ఉన్నాది."

"ఇది ఎక్కడికి వెళ్తుందో తెలీదు మామ్మా."

"తెలిస్తే ఎక్కుదునా?"

ఎక్కి కూర్చుంటాను. అల తలుపు వేసుకుని బయల్దేరుతుంది.